సున్నం తేల్చని సంగతి

13 జూన్ 1999, ఆదివారం

మా మామ లక్ష్మణసామిని మోసం చేశారు. చేసినవాడి పేరు దామోదరసామి. విరుదునగర్ బజారు వీధిలో 'నాళరక్ష' టానిక్ ఏజెన్సీ నడుపుతాడు. ఈ రెండు పేర్లూ పక్కపక్కనే రాసి పెడుతున్నాను. లెక్క తేలేదాకా ఈ పేజీ చించను.

విళాత్తికుళంలో కల్యాణ మండపం అద్దెకు తీసుకొని, ఉచిత గుండె శిబిరం అని మైకులో అరిపించి, చుట్టుపక్కల ఊళ్ళ ముసలివాళ్ళను పోగుచేశాడు. టీవీ పెట్టి రక్తనాళం బొమ్మ చూపించాడు. ఫ్రాన్సు దేశంలో జనం వెన్నా మాంసం కడుపారా తింటారట, అయినా గుండెపోట్లు తక్కువట. వాళ్ళు రోజూ తాగే ఎర్ర ద్రాక్షసారాయిలోని రంగు రక్తనాళాల లోపలి గోడను కాపాడుతుందట. ఆ రంగును మాత్రం పిండి, మత్తు తీసేసి, ఈయన సీసాల్లో పోశాడట. మామ పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టనివాడు. సారాయి వాసన ఉంటుందా అని రెండుసార్లు అడిగి, ఉండదని చెప్పించుకొని, నాలుగు సీసాలు సంచిలో వేసుకొని వచ్చాడు.

ప్రెషరుకు తంగం అక్క నెలనెలా మాత్రలు ఇస్తూనే ఉంది. ఆమె మా ఊరికి వచ్చే ఆరోగ్య కేంద్రం నర్సు. అవి ఉండగా ఇదెందుకని అడిగాను.

"అది గవర్మెంటుదిరా, సుమ్మా ఇచ్చేది," అన్నాడు మామ. "ఇది సీమది."

ఉచితంగా వచ్చేది మందు కాదు, దూరం నుంచి వచ్చేదే మందు. ఇట్లాంటి మనుషులను మోసం చేయడానికి తెలివి కూడా అక్కర్లేదు. అదే నాకు మంట.

సీసాతో ఇచ్చిన కాగితం చదివాను. నాలుగు వైపులా పొగడ్తలు. అట్టడుగున చీమ తలంత అక్షరాల్లో, "డాక్టరు ఇచ్చిన మందులు మానరాదు" అని ఒక ముక్క. పారిపోవడానికి వాడు ముందే కట్టుకున్న దొడ్డిదారి అది.

అమ్మ పోయాక నన్ను పెంచింది మామా అత్తా. మామకు చదువు రాదు. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే అయినా, ఇది తమిళదేశం, ఈ తెలుగు అక్షరాలు మా ఊళ్ళో ఎవరికీ రావు. నేను పనిచేసే విరుదునగర్ మిరపకాయల మండీలో గుంటూరు లారీవాళ్ళ దగ్గర కరపత్రాలు అడిగి తీసుకొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్నాను. అందుకే డైరీ ఇందులో రాస్తున్నాను. తీసినా ఎవరికీ అర్థం కాదు.

14 జూన్, సోమవారం

మండీలో సెలవు అడిగాను. ఇవ్వలేదు. రోజంతా మిరపకాయ బస్తాల మీద నంబర్లు వేస్తూ తుమ్ముతూ ఉన్నాను. దేశం ఇట్లా నడుస్తోంది.

17 జూన్, గురువారం

గుంటూరు డ్రైవరు ఈసారి మంచి పుస్తకం తెచ్చాడు. పదహారు పేజీలు, 'మొక్కల రంగులు, మన రక్తం'. విరుదునగర్ బస్టాండులో కూర్చొని ఒకసారి, కోవిల్‌పట్టి బస్సులో సాత్తూరు దాటేలోపల ఇంకోసారి చదివాను.

దామోదరసామి చెప్పింది మొత్తం అబద్ధం కాదు. అదే ఇంకా పెద్ద మోసం. ద్రాక్ష తొక్కలో నిజంగానే ఒక రంగు ఉంది. మండే ఎండ నుంచి తనను కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే రంగు. ఎర్ర వైన్‌లోకి దిగేది అదే. ప్రయోగశాలలో రక్తనాళం ముక్కల మీద వేసి చూస్తే, బిగుసుకున్న నాళం సడలిందట, లోపలి పొర దెబ్బతినకుండా నిలిచిందట. ఆ రంగు ఒక్క ద్రాక్షలోనే కాదు, నేరేడులో, వంకాయ తొక్కలో, కొన్ని ధాన్యాల పొట్టులో కూడా ఉందట. పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సున్నం తగిలితే మరో రంగుకు తిరుగుతుంది. డబ్బాలో వచ్చే రంగుకు ఆ గుణం ఉండదు.

బస్సులోనే లేచి నిలబడ్డాను. కండక్టరు కూర్చోమన్నాడు.

చివరి పేరా జాగ్రత్తల గురించి. అది తర్వాత చదవాలి.

20 జూన్, ఆదివారం

పట్టుకున్నాను.

నేనూ ఇసక్కిముత్తూ కోవిల్‌పట్టిలో ఒకే గదిలో ఉంటాం. వాడిది అగ్గిపెట్టె లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సులో పని. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మూడు రంగులుంటాయి. ఆదివారం ప్రెస్సు మూత, తాళంచెవి వాడి దగ్గరే ఉంటుంది. మూడు గాజు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో మామ దగ్గర అడిగి తెచ్చిన టానిక్. రెండో దాంట్లో కంబం నుంచి వచ్చే నల్ల ద్రాక్షల తొక్క పిసికి వడకట్టిన రసం. మూడో దాంట్లో వాడు లేబుళ్ళకు వాడే ఎర్ర సిరా, నీళ్ళు కలిపి.

వక్కాకు కొట్టు నుంచి తెచ్చిన సున్నం వేలి కొసతో మూడింట్లోనూ కలిపాను.

ద్రాక్ష రసం కళ్ళముందే తిరిగింది. ఎరుపు పోయి నీలం, నీలంలోంచి ఆకుపచ్చ. సిరా కదల్లేదు. టానిక్ కూడా కదల్లేదు. ఎర్రగా, సిగ్గులేకుండా అట్లాగే ఉంది.

ఇసక్కిముత్తు గ్లాసు ఎత్తి వెలుతురులో చూశాడు. వాడు మాట్లాడేది తమిళం, ఇక్కడ నా మాటల్లో రాస్తున్నాను. "ఇది మా చుట్టమేరా," అన్నాడు. "సిరాకు చక్కెర పోసి పెళ్ళికొడుకును చేశారు."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది. ఈ సిరా నీళ్ళను మా మామ పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టుకొని మరీ తాగుతున్నాడు.

నోటీసు వేయాలి. ఊరూరా సున్నం డబ్బీతో నిలబడి చూపించాలి. సంఘానికి పేరు కూడా పెట్టాం: సత్యశోధక యువజన సంఘం. సభ్యులు ఇద్దరు.

27 జూన్, ఆదివారం

ఊరికి పోయాను. మామకు చెబితే నమ్మలేదు. నాలుగు రోజులుగా కాలి మంట తగ్గిందంటాడు. సీసా మీద ఆయనకున్న నమ్మకం చూస్తే కడుపు మండింది. దాన్ని లాక్కుంటే సరిపోదు, ఆ చోట మరొకటి పెట్టాలి.

అది ఇంట్లోనే దొరికింది.

పట్టమ్మాళ్ అత్త ఇరుంగు చోళం దంచుతోంది. మా నల్లరేగడిలో వానకే పండే నల్లజొన్న అది. దంచేముందు గింజ మీద నీళ్ళు చల్లి, పొట్టు ఊడాక కడుగుతుంది. ఆ కడిగిన నీళ్ళు ముదురు ఎరుపు, వైన్ అంటే ఇట్లాగే ఉంటుందేమో. రోజూ ఎద్దుల తొట్టిలో పోస్తుంది. కుడితి. నా చిన్నప్పటి నుంచి చూస్తున్న కుడితి.

అత్త నడుము సంచిలోంచి సున్నం డబ్బీ తీసుకొని, చెంబెడు ఎర్రనీళ్ళలో కొంచెం కలిపాను. ఎరుపు ఊదాకు తిరిగింది. ఇంకొంచెం కలిపితే దాదాపు నలుపు. అత్త నన్ను వింతగా చూసింది.

"ఎద్దుల కుడితిలో సున్నం కలిపి ఏం జేస్తా ఉండావురా కుమారా?"

మామకు మందు అని చెప్పాను.

"అయితే తొట్టి కాడికే పొమ్మని చెప్పు మీ మామను. చెంబెందుకు."

అత్త వెక్కిరించినా నాకు ఒళ్ళు పులకరించింది. ఫ్రాన్సు వాళ్ళు సీసాల్లో దాచుకొని తాగేదాన్ని మనం తరతరాలుగా ఎద్దులకు పోస్తున్నాం. ఎద్దులకు గుండెపోటు వచ్చిందని ఎవరైనా విన్నారా? సున్నం ఒప్పుకుంది. అబద్ధపు రంగును సున్నం ఒప్పుకోదు. ఇంకేం సాక్ష్యం కావాలి.

1 జూలై, గురువారం

నోటీసు రాశాను, తమిళంలో. ఇసక్కిముత్తు ప్రెస్సులో మిగిలిన ఆకుపచ్చ లేబుల్ కాగితం ఇచ్చాడు, అరఠావు. పైన సంఘం పేరు పెద్ద అక్షరాల్లో. దాని కింద దామోదరసామి మోసం, సున్నం పరీక్ష చేసే విధం. తర్వాత మన నల్లజొన్న నీళ్ళలో ఉన్న రంగు, అది రక్తనాళాలను కాపాడే విధం. చివర, "సీమ సీసాలు వద్దు, కంపెనీల దోపిడీ వద్దు, మన మందు మన తొట్టిలోనే ఉంది" అని.

పుస్తకంలోని చివరి పేరా కూడా తమిళంలోకి మార్చి పెట్టాలనుకున్నాను. చోటు చాలలేదు.

సంఘం పేరు కొంచెం తగ్గించి ఉంటే సరిపోయేదేమోనని ఇసక్కిముత్తు అన్నాడు. పేరు తగ్గిస్తే ఎవరు చదువుతారు?

4 జూలై, ఆదివారం

మా ఊరి కళ్ళంలో అందరి ముందూ సున్నం పరీక్ష చేశాను. చప్పట్లు కొట్టారు. మామకు నోటీసు చదివి వినిపించాను. సంతోషించాడు. సీసాలు పెంటకుప్ప మీద వంపేశాడు. నన్ను అడిగింది అడిగాడు, చెప్పింది చెప్పాను. మంచి రోజు.

11 జూలై, ఆదివారం

పోయిన వారం పంచిన నోటీసులు విళాత్తికుళం సంతదాకా పోయాయట. ఎవరో మడిచి జేబులో పెట్టుకొని వచ్చి, ఈ జొన్న ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఏళ్ళ తరబడి మామ తప్ప ఎవరూ విత్తనం దాచని జొన్న. మామ దగ్గర ఉన్న రెండు మూటలు ఊళ్ళోవాళ్ళకు పంచాడు. జీవితంలో మొదటిసారి నా పని ఏదో కదిలించింది.

వీధి చివర పంచవర్ణం అవ్వ నన్ను ఆపింది. రాగి చెంబెడు ఎర్రనీళ్ళు పట్టుకొని ఉంది. ఆమెకు చక్కెర జబ్బు, ప్రెషరు రెండూ.

"ఏమబ్బయ్యా, నీ కుడితి తాగతా ఉండాను. కొమ్ములు మొలిస్తే నువ్వే కోయాల."

తాగితే యాభై ఏళ్ళు తగ్గుతాయన్నాను. అయితే మా ఆయన్ని కూడా మళ్ళీ పిలిపించు అంది. ఆ తాత పోయి పదేళ్ళయింది.

తంగం అక్క సైకిలు మీద ఎదురొచ్చింది. ఈ నెల మాత్రలు తీసుకోవడానికి జనం తక్కువ వచ్చారంది. నోటీసు ఇస్తే చదివి, ఏమీ అనకుండా సంచిలో పెట్టుకుంది. చదువుకున్నవాళ్ళకు కుళ్ళు ఎక్కువ.

25 జూలై, ఆదివారం

మామకు తల వెనక బరువుగా ఉందట, పొద్దున లేవగానే. నాళాలు శుభ్రపడుతున్నప్పుడు అట్లా ఉంటుందని చెప్పాను. అట్లా ఎక్కడ చదివానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఎక్కడో చదివే ఉంటాను.

9 ఆగస్టు, సోమవారం

మామ చేనులో పడిపోయాడు.

10 ఆగస్టు, మంగళవారం

కోవిల్‌పట్టి ప్రభుత్వ ఆసుపత్రి. కుడి చేయి, కుడి కాలు కదలడం లేదు. నోరు ఒక పక్కకు లాగేసింది. మాట లేదు. ప్రెషరు చాలా ఎక్కువగా ఉందని, తలలో రక్తనాళం దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. బతుకుతాడు అన్నాడు. ఎట్లా బతుకుతాడో చెప్పలేదు.

ఇది దామోదరసామి పని. మూడు వారాలు ఆ సిరా నీళ్ళు తాగాడు. ఆ విషం లోపల ఉండిపోయింది. లోపల ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరికి తెలుసు. డాక్టరుకు చెబితే తల అడ్డంగా ఊపాడు. డాక్టర్లు ఇంతే, ఒకరినొకరు కాపాడుకుంటారు.

మండీకి పోకుండా ప్రెస్సుకు పోయాను. 22వ తేదీ ఆదివారం పొద్దున పది గంటలకు విరుదునగర్‌లో వాడి కొట్టు ముందు అందరూ కూడాలి. ప్రతి చేతిలో సున్నం డబ్బీ. ప్రతి సీసా నడివీధిలో పగలాలి. మామకు చేసినదానికి జవాబు చెప్పి తీరాలి. ఈ మాటలే నోటీసుకు రాసిచ్చాను. ఇసక్కిముత్తు అక్షరాలు కూర్చడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి అడిగాడు: పడిపోయేటప్పటికి మామ టానిక్ మానేసి నెల దాటింది కదా అని.

మానేస్తే మాత్రం? లోపల ఉండిపోతుంది అన్నాను. వాడు తల దించుకొని అక్షరాలు కూర్చాడు.

13 ఆగస్టు, శుక్రవారం

తంగం అక్క ఆసుపత్రికి వచ్చింది, బస్సు దిగి నేరుగా. మామ నుదుటి మీద చేయి పెట్టి చూసి, అత్తను ఒక్కటే అడిగింది: రోజూ మాత్రలు వేసుకున్నాడా?

వేసుకున్నాడనే అత్త అనుకుంటోంది. ఎవరికి తెలుసు, ఆయన రేకుపెట్టెలోంచి ఆయనే తీసుకుంటాడు. బట్టల కోసం ఊరికి పోయి తెచ్చిన ఆ రేకుపెట్టె మంచం కిందే ఉంది. అత్త తెరిచింది. మడత పంచె, ఆలయం విభూతి పొట్లం, భూమి పట్టా. పంచె కింద మాత్రల అట్టలు. జూన్‌వి అయిపోయాయి. జూలైవి నాలుగు తప్ప అన్నీ ఉన్నాయి. ఆగస్టువి ఒక్కటీ తెరవలేదు. ఏదో కాగితంలో భద్రంగా చుట్టి ఉన్నాయి.

అత్త ఏడవలేదు. మాత్రల అట్టను ముక్కుకు దగ్గరగా పెట్టుకొని, అందులో ఏమైనా రాసి ఉందేమోనన్నట్టు చూసింది. ఆమెకూ చదువు రాదు.

"చెప్పినమాట వినే మనిషి గదమ్మా ఈయన," అంది తంగం అక్కతో. "ఎవురో చెప్పకుండా మానడే."

నేను నీళ్ళు తెస్తానని బయటికి వచ్చాను. ఆసుపత్రి గేటు పక్కన వేరుశనగ చెక్కల కడలై మిఠాయి అమ్మేవాడు ఈగలు తోలుకుంటున్నాడు. వాడి మీద కూడా కోపం వచ్చింది.

14 ఆగస్టు, శనివారం

ఆ మాత్రలు చుట్టిన కాగితం. ఆకుపచ్చ కాగితం.

16 ఆగస్టు, సోమవారం

దామోదరసామి కొట్టుకు పోయాను. కొట్టాలనే పోయాను, ఇక్కడ దాచడమెందుకు. అద్దాల బీరువాలో వరసగా సీసాలు, బల్ల మీద ఫోను, గోడకు దండేసిన తండ్రి ఫోటో. దామోదరసామి సన్నటి మనిషి, నా తండ్రి వయసు. నేను ఎవరినో చెప్పేలోపే తెలుసన్నాడు, కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

సీసాలో ఉన్నది సిరా అని చెప్పాను, మనుషులు చచ్చిపోతున్నారన్నాను, వీధంతా వినపడేలా చెప్పాను. పక్క కొట్లవాళ్ళు తొంగిచూశారు. ఆయన అంతా విన్నాడు. తర్వాత సొరుగు లాగి రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఆయనది. రెండోది ఆకుపచ్చ.

"తంబీ, రంగు విషయంలో నువ్వు గెలిచావు," అన్నాడు నింపాదిగా. "కోర్టుకు పోతే పో. కానీ నా కాగితంలో ఈ వరస చదువు." అట్టడుగు వరస మీద వేలు పెట్టాడు. డాక్టరు ఇచ్చిన మందులు మానరాదు. "ఇప్పుడు నీ దాంట్లో ఈ వరస ఎక్కడుందో చూపించు. నేను చూశాను, నాకు కనబడలేదు. నా కళ్ళు ముసలివి."

దొంగ అడిగినా ప్రశ్న ప్రశ్నే. బల్ల మీద ఉన్నది తిరగేసి చూశాను, ఏదో వెనకవైపు అచ్చయి ఉంటుందన్నట్టు. వెనక ఖాళీ. పూర్తిగా ఖాళీ, ఒక వైపు మొత్తం. చోటు చాలలేదని నేను రాసుకున్న కాగితం ఇది.

ఆయనను తిట్టాను. ఏం తిట్టానో గుర్తు లేదు. బయటికి వచ్చేటప్పుడు, వచ్చే ఆదివారం పదిమందితో వస్తావట కదా, టీ చెప్పి పెట్టనా అన్నాడు. ఆయన దొంగే. ఈ డైరీలో ఆ మాట ఒక్కటీ కొట్టేయను.

18 ఆగస్టు, బుధవారం

జూలై 4 పేజీ తెరిచి చూశాను. "నన్ను అడిగింది అడిగాడు, చెప్పింది చెప్పాను" అని ఉంది. ఎవరికి దాచాను? ఈ అక్షరాలు చదవగలిగేది నేనొక్కడినే.

జరిగింది ఇది. కళ్ళంలో జనం పోయాక మామ ఒక్కడే మిగిలాడు. వంపేసిన సీసాలు కడిగి, ఎండకు పెట్టి, పనికొస్తాయిలే అన్నాడు. తర్వాత నా పక్కన కూర్చొని అడిగాడు.

"అట్లయితే కుమారా, ఆ తంగం ఇచ్చే మాత్తర్లు? అవి కూడా కంపెనీవేనా?"

నాకు గొంతు ఇంకా బొంగురుగా ఉంది. చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అన్నీ ఒకటే మామా, కంపెనీవాళ్ళంతా ఒకటే అన్నాను. మళ్ళీ అడిగాడు, మానేద్దామా అని. నీ ఇష్టం అనలేదు. తంగం అక్కను అడుగుదాం అనలేదు. మన నీళ్ళు ఉండగా అవెందుకు అన్నాను. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకొని, సరేరా, నువ్వు చదివినోడివి అన్నాడు.

పుస్తకంలో చివరి పేరా ఈ రోజు చదివాను, రెండు నెలల తర్వాత. "ఇవన్నీ నాళం ముక్కల మీద, జంతువుల మీద కనిపించిన సంగతులు. మనిషికి ఎంత మేలు చేస్తాయో ఇంకా తేలలేదు. దీన్ని చూసి ఎవరూ వైన్ మొదలుపెట్టకూడదు, మందులు ఆపకూడదు." నాలుగు వరసలు. సంఘం పేరు ఆక్రమించిన చోటు ఆరు వరసలు.

20 ఆగస్టు, శుక్రవారం

తంగం అక్కకు చెప్పాను. ఆసుపత్రి వరండాలో, నిలబడే. ఆమెకు ముందే తెలుసు. జూలైలో నోటీసు చదివి ఏమీ అనలేదెందుకు అని ఆమె మీదకే పోయాను. అనలేదు కదూ నువ్వు, నీకు తెలిసీ అనలేదు అన్నాను. ఆమె ఒప్పుకుంది. మర్నాడే ఇంటింటికీ పోయి చెప్పిందట. కుమారవేల్ తప్పు చెప్తాడా, నువ్వు గవర్మెంటు మనిషివి, నువ్వు అట్లాగే చెబుతావు అన్నారట. మామ మాత్రం తలూపాడట, ఆగస్టు మాత్రలు కూడా తీసుకున్నాడట, నొప్పించడం ఇష్టం లేక.

"జొన్న మంచిదే తంబీ, తిననీ," అంది. "ఆ రంగులో మేలుంటే ఉండొచ్చు. కానీ సున్నం చెప్పేది రంగు సంగతే. రక్తం సంగతి చెప్పేది ప్రెషరు చూసే నా చేతిపట్టీ. మీ ఊళ్ళో ఇంకా తొమ్మిదిమంది మాత్రలు ముట్టడం లేదు. నేను చెబితే వినరు."

తొమ్మిదిమంది. పంచవర్ణం అవ్వ ఒకతె. నిన్న ఊరికి పోతే అరుగు మీద చెంబుతో కూర్చొని ఉంది. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. మామకు అట్లా అయిందే, ఇంకా ఎందుకు తాగుతున్నావని అరిచాను. మాత్రలు వేసుకోమని అరిచాను. మీ మామ పడింది ఆ సీసా వల్లనే అని నువ్వే గదా చెప్పినావు అంది. నేనే చెప్పాను. నోటీసు కూడా వేశాను, పది గంటలకు రమ్మని.

మధ్యాహ్నం మామకు మాత్ర ఇచ్చే వేళ. నర్సు నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించాడు. అత్త పెట్టినా అంతే. కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. అత్త మాత్రను నా చేతిలో పెట్టింది. నేను మంచం మీద వంగి, ఆయన చెవిలో అంతా చెప్పాను: నోటీసు సంగతి, చివరి పేరా సంగతి, నేనే మానిపించాను మామా అని. విన్నాడు. ఎడమ కన్ను ఒక్కటే రెప్పవేసింది. కోపమో, అర్థం కాలేదో, నాకు తెలియదు, తెలిసినట్టు ఇక్కడ రాయను.

తర్వాత నోరు తెరిచాడు. నా చేతి నుంచి తీసుకున్నాడు, సగం నీళ్ళు మెడ మీద కారాయి. ఇంత తెలిసీ ఇంకా నేను ఇస్తేనే మింగుతాడట. ఆ నమ్మకం మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. దాన్ని ఎవరు ఇచ్చారు నాకు, నేను ఏం చేసి సంపాదించుకున్నాను.

21 ఆగస్టు, శనివారం

ఇసక్కిముత్తు పంచగా మిగిలిన పది గంటల నోటీసుల కట్ట తెచ్చి గదిలో పెట్టాడు. ఇక పంచొద్దన్నాను. వాడు కట్ట వైపు, నా వైపు చూసి, అయితే ఏం వేద్దాం అన్నాడు. ముందువైపు అచ్చు అడ్డంగా కొట్టేసి, ఇదే కాగితం వెనకవైపు వేద్దాం అన్నాను. వెనక చోటు చాలా ఉంది.

దామోదరసామిని వదిలినట్టు కాదు. ఆ సిరా సీసాల సంగతి అధికారులకు రాశాను, రాస్తూనే ఉంటాను. కానీ వాడి కొట్టు ముందు నిలబడేముందు నేను నిలబడాల్సిన చోటు ఇంకొకటుంది. సంఘం పేరు వేయవద్దన్నాను. చిన్న అక్షరం ఒక్కటి కూడా వద్దన్నాను. తమిళంలో ఇచ్చినదాన్ని ఇక్కడ నా అక్షరాల్లో రాసుకుంటున్నాను, ఒక్క మాట కూడా తగ్గకుండా:

"లక్ష్మణసామి చేత ప్రెషరు మాత్రలు మానిపించారు. మానిపించినవాడి పేరు కుమారవేల్. అది నేనే. ఆయన పడింది టానిక్ వల్ల అని పోయినవారం నేను చెప్పింది అబద్ధం. మాత్రలు లేకపోవడం వల్ల పడ్డాడు. నల్లజొన్న నీళ్ళు మందు అని నేను చెప్పింది నిజమో కాదో తెలియకుండానే చెప్పాను. ఆ రంగు మేలు చేస్తుందో లేదో చదువుకున్నవాళ్ళకే ఇంకా తేలలేదు. జొన్న తినండి. మాత్రలు మానకండి.

రేపు 22వ తేదీ ఆదివారం పొద్దున ఏడు గంటలకు, నేను సున్నం పరీక్ష చేసిన ఆ కళ్ళంలోనే, అందరూ రావాలి. ఆకుపచ్చ కాగితం ఉన్నవాళ్ళు అది తీసుకొని రండి. పంచె కింద, బియ్యం కుండలో, ఎక్కడ దాచారో ఆ మాత్రలూ తీసుకొని రండి. నడవలేనివాళ్ళు ఇంటి దగ్గరే ఉండండి, నేనూ ఇసక్కిముత్తూ కుర్చీతో వచ్చి మోసుకొస్తాం. తంగం అక్క ప్రెషరు మిషను తెస్తుంది. తిట్టాలనుకున్నవాళ్ళు ముందే రండి, నేను ఆరుకే అక్కడ ఉంటాను. తిట్టండి, కానీ చేయి చాపి ప్రెషరు చూపించుకొని పోండి. మొదటి కుర్చీ పంచవర్ణం అవ్వది. ఏడు గంటలకు."